ఒళ్ళు చేసిందన్న మాట

చిన్నపిల్లల డాక్టరుగా గుంటూరులో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి, పోయిన ఏడాది మానేశాను. సన్మానం చేశారు. శాలువా కప్పారు. నా చేతి మీదుగా వేలమంది పిల్లలు బాగుపడ్డారని ఒకాయన మైకు పట్టుకుని చెప్పాడు. నా ఓపీ గదిలోకి ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు ఆయన. ఆ గదిలో ఏం జరిగేదో నేనే రాసిపెడితే మంచిదని ఆ స్టేజీ మీదే అనుకున్నాను.

ఇది ఇప్పుడిప్పుడే ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్ళ కోసం. జ్వరాలు, విరేచనాలు, నిమోనియాలు మీకు ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పేది ఎవరూ సరిగా నేర్పని జబ్బుల గురించి. ఒంటిని కాపాడాల్సిన బలగమే తిరగబడి ఒంటిని కొట్టే జబ్బులివి. ఒక పిల్లకు కీళ్ళను కొడుతుంది, ఇంకో పిల్లకు చర్మాన్ని, మరొకరికి కండరాలను, కిడ్నీలను. ఒకే పిల్లలో ఇవాళ కీళ్ళు, రెండేళ్ళ తర్వాత కిడ్నీలు కూడా కావచ్చు. ఒక పిల్లకు ఒకే జబ్బు ఉండాలని రూలేమీ లేదు. ఆ రూలు మన బుర్రల్లో మాత్రమే ఉంది. దానివల్ల నేను ఒక పిల్లను దాదాపు చంపినంత పని చేశాను. అక్కడికి వస్తాను.

లేవని చీఫ్‌గారు

నేను పీజీ చేసేటప్పుడు మా యూనిట్‌కు ఒక చీఫ్ ఉండేవాడు. ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు. చొక్కా ఇస్త్రీ మడత చెడేది కాదు. కాళ్ళ నొప్పులని ఏ పిల్ల వచ్చినా కుర్చీలోంచి లేవకుండానే "పెరిగే నొప్పులు" అని తేల్చేసేవాడు. పెరిగే నొప్పులు నిజంగానే ఉంటాయి. అవి రాత్రిపూట వస్తాయి, రెండు కాళ్ళకూ వస్తాయి, తెల్లవారేసరికి పిల్ల గంతులేస్తూ తిరుగుతుంది. పొద్దున లేవగానే కుంటే పిల్లవి పెరిగే నొప్పులు కావు. ఈ ముక్క ఆయనకు తెలియక కాదు. లేచి వచ్చి ఆ మోకాలు పట్టుకుని చూసే ఓపిక లేదు, అంతే.

ఎప్పుడైనా మోకాలు మరీ కొబ్బరికాయంత వాచి ఉంటే అప్పుడు రక్తపరీక్ష రాసేవాడు. అందులో ఒక అంకె కాస్త ఎక్కువ కనబడితే చాలు, గుండెకు సోకే కీళ్ళవాతమని పేరుపెట్టి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది. ఏళ్ళ తరబడి. ఆ పిల్లల పిరుదులు సూదులతో గట్టిపడిపోయేవి, కీళ్ళు మాత్రం అట్లాగే బిగుసుకుపోయేవి. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయి ఉంటారు. మోచెయ్యి పూర్తిగా చాపలేని మనిషి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేని మనిషి మీకు బస్సులో ఎదురైతే, మా చీఫ్‌లాంటివాడి చేతిలో పడ్డారేమోనని నాకు అనిపిస్తుంది.

ఆయనకు కూడా సన్మానం జరిగింది. శాలువా ఇంకా ఖరీదైనది.

మధ్యాహ్నానికి తగ్గే బద్ధకం

నస్రీన్ నా దగ్గరికి వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళది. ప్రత్తిపాడు దగ్గర పల్లె. తండ్రి మస్తాన్‌వలీ ట్రాలీ ఆటోలో మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, యార్డుకు తోలతాడు. తల్లి కరీమూన్ కోల్డ్‌స్టోరేజీ పక్కన షెడ్డులో కాయలకు తొడిమలు తీసే పనికి పోతుంది. అప్పటికే ఇద్దరు డాక్టర్లకు చూపించారు. ఇద్దరూ "ఎక్కడ నొప్పి?" అని అడిగారట. పిల్ల నొప్పి లేదంది. ఇద్దరూ టానిక్కు రాసి పంపించారు.

ఈ జబ్బు వచ్చిన పిల్లలు నొప్పి ఉందని చెప్పరు. నొప్పి లేని రోజు ఎట్లా ఉంటుందో వాళ్ళు మర్చిపోయి ఉంటారు. చెయ్యలేని పని మానేసి, చెయ్యగలిగిన పనితో సరిపెట్టుకుంటారు. పెద్దవాళ్ళు దాన్ని బుద్ధిమంతురాలు అంటారు.

నేను కరీమూన్‌ను అడిగాను. "నొప్పి సంగతి తర్వాత. ఇంతకుముందు చేసి, ఇప్పుడు చెయ్యలేని పని ఏదైనా ఉందా?"

"సెలవురోజు నాతో షెడ్డుకొచ్చి కూర్చుంటదమ్మా. పొద్దున తొడిమ తీయమంటే వేళ్ళు వంగవు. కాయ జారిపోయిద్ది. పన్నెండు కొట్టేతలికి నాతో సమానంగా తీసిద్ది. సాయంత్రానికి నన్ను దాటిపోయిద్ది. మా మేస్త్రి పొద్దునపూట బద్ధకం అంటాడు. బద్ధకమైతే మధ్యాహ్నం అన్నం తిన్నాక గదా ఎక్కువవ్వాల?"

నేను పెన్ను కింద పెట్టాను. పొద్దున బిగుసుకుపోయి, కదిలేకొద్దీ సడలే కీళ్ళు. పుస్తకంలో రెండు పేజీలు ఉంటుంది ఈ సంగతి. పరీక్షలో రాయమంటే మా పీజీలు అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. అది మిరపకాయ తొడిమ రూపంలో ఎదురొస్తే మాత్రం గుర్తుపట్టలేరు. పరీక్ష ఎప్పుడూ రాయని కరీమూన్ గుర్తుపట్టింది.

పిల్లను అరచేతులు రెండూ కలిపి మోచేతులు పైకెత్తమన్నాను. మణికట్లు వంగలేదు. మోకాళ్ళు వెచ్చగా, మెత్తగా వాచి ఉన్నాయి. చిన్నపిల్లల కీళ్ళవాతం అని చెప్పాను. మస్తాన్‌వలీ నమ్మలేదు. "వాతం మా అమ్మకుందండి. చిన్నపిల్లకు వాతమేంది?" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. అదే మాట మా కాలేజీలో ప్రొఫెసర్లు అనగా విన్నాను. కళ్ళలో ఎరుపు లేకుండానే లోపల వాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది కాబట్టి కంటి డాక్టరుకు పంపించాను. "కాళ్ళు నొప్పులని వస్తే కళ్ళు చూపించమంటదేంది ఈమె" అని కరీమూన్ అత్తగారు వరండాలో అనడం నాకు వినిపించింది.

తెల్ల మాత్ర

వాళ్ళ ఊళ్ళో సాంబయ్య అని ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. నా దగ్గరికి రాకముందు ఆరునెలలు అతనే వైద్యం చేశాడు. కాగితం పొట్లాల్లో పొడి ఇచ్చేవాడు. ఆ పొడిలో ఏముందో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బీకాంప్లెక్స్, నొప్పి మాత్ర, వాటితోపాటు చిన్న తెల్ల స్టెరాయిడ్ మాత్ర నూరి కలిపేవాడు. రెండు రోజుల్లో పిల్ల లేచి పరుగెత్తేది. ఆకలి పెరిగేది. నెల తిరిగేసరికి బుగ్గలు నిండేవి.

మా వైపు ఒక మాట ఉంది. ఒళ్ళు చేసింది. పిల్ల బక్కచిక్కి ఉండి, మళ్ళీ నిండుగా కనిపిస్తే అమ్మమ్మలు ఆ మాట అంటారు. ఆ మాట అన్నారంటే జబ్బు పోయినట్టే. ఇక ఏ పరీక్షా అక్కర్లేదు, ఏ డాక్టరు మాటా చెల్లదు. సాంబయ్య వైద్యమంతా ఆ మాట మీదే నడిచింది. నస్రీన్‌కు ఒళ్ళు చేసింది, పొట్లాలు ఆపేశాడు, పిల్ల మళ్ళీ మంచాన పడింది, మళ్ళీ పొట్లాలు, మళ్ళీ ఒళ్ళు చేసింది. ఆరునెలలు ఇదే తంతు.

సాంబయ్యను తిట్టడం సులువు. మీరు కాన్ఫరెన్సులకు వెళ్తే ప్రతి మూడో డాక్టరూ సాంబయ్యను తిడతాడు. తర్వాత హోటల్ భోజనం చేసి, తన క్లినిక్‌కు తిరిగొచ్చి, ఏ జబ్బో తెలియని పిల్లకు అదే తెల్ల మాత్ర రాస్తాడు. సాంబయ్య పొట్లం కడతాడు, మనవాళ్ళు ప్రిస్క్రిప్షన్ మీద స్టాంపు కొడతారు. లోపల మాత్ర ఒకటే. పైగా సాంబయ్య పిల్ల ఇంటికి వెళ్ళి చూస్తాడు.

ఆ మాత్ర విషం కాదు. ఈ జబ్బుల్లో అది లేకుండా ఎన్నోసార్లు గట్టెక్కలేం. ఎందుకు ఇస్తున్నామో, ఎన్నాళ్ళు ఇస్తామో, ఎట్లా తగ్గిస్తామో ఇచ్చే రోజే తెలిసి ఉండాలి. నెలల తరబడి ఇచ్చి ఒక్కసారిగా ఆపితే పిల్ల కుప్పకూలిపోవచ్చు, ఎందుకంటే ఆ సరుకును సొంతంగా తయారుచేయడం ఒళ్ళు అప్పటికి మానేసి ఉంటుంది. ఇది ప్రతి తల్లికీ చెప్పండి. చెప్పానని అనుకోవడం వేరు, చెప్పడం వేరు.

జుమ్మా మాత్ర

కీళ్ళవాతానికి అసలు మందు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఆ ఒక్కరోజు ఆరు మాత్రలు. నస్రీన్ కంటే ముందు చీమకుర్తి నుంచి వచ్చిన ఒక పాపకు ఇదే మందు రాశాను. "వారానికి ఆరు" అని నా దివ్యమైన చేతిరాతతో రాశాను. షాపువాడు రోజుకొకటి చొప్పున ఆరు రోజులు అని అర్థం చేసుకున్నాడు. లెక్క అదే ఆరు, కానీ మధ్యలో విరామం లేకుండా రోజూ పడితే ఈ మందు విషమే. నోరంతా పుళ్ళు పడి, రక్తకణాలు పడిపోయి, పాప రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. బతికింది, నా తెలివివల్ల కాదు. షాపువాణ్ణి నేను అప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టాల్సింది ఎవరినో నాకు తెలుసు.

ఆ తర్వాత వారం పేరు పెట్టి చెప్పడం నేర్చుకున్నాను. "శుక్రవారం, నమాజు అయిపోయాక, అన్నం తిన్నాక" అన్నాను కరీమూన్‌తో. ఆమె దానికి జుమ్మా మాత్ర అని పేరుపెట్టింది. ఒక్క శుక్రవారం తప్పలేదు. దీనితోపాటు నేను రాసిన తెల్ల మాత్రను నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చి పావు మాత్ర దగ్గర ఆపాను. నాలుగు నెలల్లో మణికట్లు వంగాయి. ఏడాదికి బడిలో ఖోఖో ఆడింది.

నేను ఆ పిల్ల ఫోటోలు తీసి స్లైడులు చేశాను. ముందు, తర్వాత. ఒక మీటింగులో చూపించాను. చప్పట్లు కొట్టారు. గుంటూరు జిల్లాలో ఈ జబ్బును పట్టుకునే కళ్ళు నాకే ఉన్నాయన్నట్టు ఆ రోజు మాట్లాడాను. మా చీఫ్‌గారి మీద ఒక జోకు కూడా వేశాను. కళ్ళు నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది.

నేను నవ్విన రోజు

మూడో ఏడు ఎండాకాలం. మిర్చి పని జోరుగా ఉంది. కరీమూన్ పిల్లను తీసుకుని వచ్చింది. నస్రీన్ బుగ్గల మీద, ముక్కు మీద ఎర్రగా కంది ఉంది.

"షెడ్డుకు తీసుకెళ్తున్నావా?" అన్నాను.

"సెలవులు గదమ్మా. వస్తంది."

"మిరపచేతులు మొహానికి పెట్టుకుంది. తీసుకెళ్ళకు. కొబ్బరినూనె రాయి."

ఆమె కదల్లేదు. "పదిహేనేళ్ళ నుంచి తొడిమలు తీస్తన్నానమ్మా. మిరపకాయైతే చేతులు మండుతయ్యి, కళ్ళు మండుతయ్యి. ముక్కు మీద ఇట్టా ముద్దరేసినట్టు ఎర్రగా రాదు. ఎండలోకి పోతే ఇంకా ఎక్కువయిద్ది."

నేను నవ్వాను. "ఏం కరీమూన్, నువ్వు కూడా డాక్టరీ చదివావా?" అన్నాను. గదిలో ఉన్న పీజీలు కూడా నవ్వారు. చీఫ్ నవ్వితే నవ్వడం వాళ్ళ డ్యూటీలో భాగం.

ఆమె ఇంకొక్క మాట అంది. "ఒళ్ళు చేసిందని మా అత్త సంబరపడతందమ్మా. నాకే ఏందో తేడాగా ఉంది. పొద్దున లేవంగానే కళ్ళు ఉబ్బి ఉంటన్నయ్యి. మధ్యాహ్నానికి కొంచెం తగ్గిద్ది."

నేను పిల్ల మొహం చూశాను. గుండ్రంగా ఉంది. తెల్ల మాత్ర వేసుకునే పిల్లల మొహం గుండ్రంగానే ఉంటుంది. "అది మాత్ర ప్రభావం. ఈ పావు మాత్ర కూడా మానేయొచ్చు" అన్నాను. రోజు మార్చి రోజు వేసి పదిహేను రోజుల్లో ఆపమని రాశాను. తర్వాతి పేషెంటును పిలిచాను.

మీరు ఈ పేరా రెండుసార్లు చదవండి. మూడేళ్ళుగా మాత్ర తగ్గిస్తూ వస్తున్నాను. తగ్గిస్తున్న మాత్రతో మొహం ఎట్లా పెరుగుతుంది? మాత్రవల్ల వచ్చే లావు బుగ్గల్లో నెమ్మదిగా నిండుతుంది, పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటుంది. పొద్దున కళ్ళ కింద ఉబ్బి, మధ్యాహ్నానికి కాళ్ళలోకి దిగేది నీరు. అది కిడ్నీ చెప్పే మాట. బుగ్గల మీద, ముక్కు మీద పరుచుకుని ఎండకు హెచ్చే ఎరుపు లూపస్, అంటే చర్మాన్నీ కీళ్ళనూ కిడ్నీలనూ కలిపి కొట్టే జబ్బు, చెప్పే మాట. కీళ్ళతో మొదలైన పిల్లకు ఏళ్ళ తర్వాత లూపస్ వచ్చి చేరవచ్చని నాకు తెలుసు. నేను పాఠం చెప్పిన సంగతే అది. మూత్రంలో ముంచి చూసే పరీక్ష స్ట్రిప్పులు నా బల్ల సొరుగులో ఉన్నాయి. సొరుగు తీయలేదు. బీపీ చూడలేదు. కిడ్నీ సంగతి అటుంచితే, కళ్ళకింద వేలుపెట్టి నొక్కి కూడా చూడలేదు.

ఎందుకు? ఆ పిల్లకు నేను ఒక పేరు పెట్టాను కాబట్టి. ఆ పేరుకు చప్పట్లు కూడా పడ్డాయి. ఇక కొత్తగా చూడడానికి ఏముంది అనుకున్నాను. ఒళ్ళు చేసిందన్న మాట విని సాంబయ్య ఎంత ధీమాగా కూర్చునేవాడో నేనూ అంతే ధీమాగా కూర్చున్నాను. ఆ మాట అన్న అత్తగారు మురిసిపోయింది, నేను కొట్టిపారేశాను, కరీమూన్ ఒక్కతే అనుమానపడింది. మేము ముగ్గురం ఒక్క మొహాన్నే చూశాం. చదువు లేనిది సరిగా చూసింది.

పెద్దాసుపత్రిలో పేర్ల పంచాయితీ

ఆరు వారాలకు నస్రీన్‌కు బడిలో ఫిట్స్ వచ్చాయి. నా దగ్గరికే తెచ్చారు. బీపీ పెద్దవాళ్ళకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. కాళ్ళు నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. మూత్రం తెచ్చి, నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పటి పాత పద్ధతిలో గాజు గొట్టంలో పోసి కాచాను. కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. లాబ్ రిపోర్టు కోసం ఆగే ధైర్యం నాకు లేకపోయింది.

వేరే నగరంలో పెద్దాసుపత్రికి పంపించాను. అక్కడ నలుగురు పెద్ద డాక్టర్లు చూశారు. కీళ్ళ డాక్టరు "ఇది మొదటి నుంచీ లూపస్సే, గుంటూరులో కనిపెట్టలేకపోయారు" అన్నాడు. కిడ్నీ డాక్టరు "కీళ్ళ గొడవ నాకొద్దు, నాది కిడ్నీ వరకే" అన్నాడు. చర్మం డాక్టరు కండరాల జబ్బు కూడా ఉండొచ్చని ఇంకో పేరు కలిపాడు. మూడు రోజులు ఫైలు మీద ఒకరి రాత కింద ఒకరు రాసుకుంటూ పోయారు. పిల్ల మాత్రం ఒక్కటే, అదే మంచం మీద ఉంది. చివరికి నాలుగో ఆవిడ, వాళ్ళందరికంటే చిన్నది, "కీళ్ళవాతం, లూపస్ రెండూ ఉన్నాయి, కలగలిసిపోయాయి, వైద్యం మొదలుపెడదాం" అంది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి.

పేరు కోసం కొట్టుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు పేరు మనకు ఎందుకు పనికొస్తుంది? రేపు ఏ అవయవం మీద కన్నేసి ఉంచాలో చెప్పడానికి. అంతే. పేరు పెట్టాక చూడడం మానేస్తే దానికంటే పేరు పెట్టకపోవడమే నయం. ఈ పిల్లలు ప్రతిసారీ గదిలోకి కొత్తగా వచ్చినట్టే చూడండి. కీళ్ళకని వచ్చినా మూత్రం చూడండి. చర్మానికని వచ్చినా కింద కూర్చుని లేవమనండి. బీపీ చూడండి, పిల్లల చేతికి సరిపోయే పట్టీతో చూడండి. మీ ఆసుపత్రిలో ఆ పట్టీ ఎక్కడుందో ఇప్పుడే వెళ్ళి వెతకండి. పందెం, దొరకదు.

కిడ్నీలోంచి ముక్క తీసి పరీక్షించారు. మూడు రోజులు స్టెరాయిడ్ సెలైనులో ఎక్కించారు. జుమ్మా మాత్ర ఆపి, కిడ్నీని కాపాడే వేరే మందు పెట్టారు. ఎండకు హెచ్చే ఎరుపుకు ఒకటి, బీపీకి ఒకటి. రోజుకు గుప్పెడు మాత్రలు. ఏళ్ళ తరబడి ఇవి మానకుండా వేస్తే కిడ్నీ నిలబడొచ్చని, మానేస్తే డయాలసిస్ అని ఆ చిన్నావిడ చెప్పి ఇంటికి పంపింది.

మందు మీద పోనీ

పదిరోజులకు మస్తాన్‌వలీ మా ఆసుపత్రికి వచ్చాడు. భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని వచ్చాడు. రిసెప్షన్‌లోనే అరిచాడు. అతని మాటల్లో తప్పేమీ లేదు.

"మూడేళ్ళు కీళ్ళవాతం అన్నారు. ఇప్పుడు ఇంకేదో పేరు చెప్తన్నారు. అంటే మూడేళ్ళూ లేని జబ్బుకు మందు మింగించారా? ఆ జుమ్మా మాత్రే కిడ్నీని తినేసిందని సాంబయ్య చెప్పాడు. నిన్నటినుంచి అన్నీ ఆపేశా. అద్దంకి కాడ ఆకుపసరు ఇచ్చే ఆయన ఉన్నాడంట. రేపు తీసకపోతన్నా. మీ పాపం మీకు చెప్పి పోదామని వచ్చా."

నాకు వినబడింది ఒక్కటే. నిన్నటినుంచి అన్నీ ఆపేశా. పెద్ద మోతాదులో ఉన్న స్టెరాయిడ్ ఆగి రెండో రోజు. నస్రీన్ బెంచీ మీద కూర్చుని ఉంది, మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవై. గోడకు తలానించుకుంది.

మా ఆసుపత్రి యజమాని, పెద్ద డాక్టరు, ఆ అరుపులు విని నన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు.

"కంగారుపడకమ్మా. ఇట్లాంటి మందులతో ఒక్కోసారి ఇట్లా అవుతుందని చెప్పు. తప్పు అనే మాట మాత్రం నీ నోటినుంచి రానీకు. అతను ఎలాగూ మందునే తిడుతున్నాడు. మందు మీద పోనీ" అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆ మాట నాకు నచ్చింది. మందుకు పరువు లేదు, ప్రాక్టీసు లేదు, ఎదురు చెప్పే నోరు లేదు. అతను నమ్మాలనుకుంటున్నది కూడా అదే. నేను తల ఊపితే చాలు, మధ్యాహ్నానికి అంతా సద్దుమణిగేది. ఆయన టీ తెప్పించాడు.

ఆయనకు తట్టనిది ఒక్కటే. మందు మీద పోనిస్తే పిల్లకు మందు ఉండదు. నిందంతా మాత్ర మీద పెట్టి పంపించి, ఆ మాత్రనే రోజూ వేయమని ఏ మొహంతో చెప్తాను? మందును నిర్దోషిగా నిలబెట్టాలంటే ఇంకొకరు దోషిగా నిలబడాలి. వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

టీ తాగకుండా లేచి వచ్చాను. వాళ్ళను నా గదిలోకి పిలిచాను. పీజీలను బయటికి పొమ్మనలేదు. నేను నవ్విన రోజు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు.

"మస్తాన్‌వలీగారూ, మీ పిల్ల కిడ్నీని పాడుచేసింది మందు కాదు. జబ్బు. అది పిల్ల మొహం మీద కనబడింది, కళ్ళ కింద కనబడింది. కరీమూన్ చూసి నాకు చెప్పింది. నేను నవ్వాను. ఆ రోజు మూత్రం పరీక్ష చేస్తే ఆ రోజే తెలిసిపోయేది. చెయ్యలేదు. పైగా ఉన్న కాస్త మాత్ర కూడా ఆపించాను. తప్పు నాది. మందుది కాదు."

అతను భార్యవైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా?"

"చెప్పా" అంది కరీమూన్. ఆమె నావైపు చూడలేదు. చూసి ఉంటే నాకు బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

"అయితే మందులో తప్పు లేదు" అన్నాడు అతను. అడుగుతున్నాడో చెప్తున్నాడో తెలియలేదు.

"లేదు."

"ఇయ్యన్నీ వేస్తే పిల్ల బతుకుద్దా?"

"వేస్తే కిడ్నీ నిలబడడానికి మంచి అవకాశం ఉంది. మానేస్తే లేదు."

"తప్పు నీదేనంటన్నావు." అప్పటిదాకా మీరు అన్న మనిషి.

"నాదే."

అతను కరీమూన్ చేతిలోని సంచి లాక్కున్నాడు. మాత్రల అట్టలన్నీ నా బల్ల మీద గుమ్మరించాడు. "నిన్న వెయ్యనియ్యి కూడా కలిపి వెయ్యాలా?" అన్నాడు. గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు.

"వద్దు. ఇవాళ్టివి మాత్రం ఇప్పుడే వెయ్యండి."

నా బల్ల మీది సీసాలో నీళ్ళతోనే వేశాడు. ఒక్కో మాత్రా తనే అట్టలోంచి తీసి పిల్ల నోట్లో పెట్టాడు. నేను బీపీ చూశాను, పిల్లను రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుతానన్నాను. "ఇక్కడ ఉంచను" అన్నాడు. పెద్దాసుపత్రిలోని ఆ చిన్నావిడకు ఫోన్ చేసి ఏర్పాటు చేశాను. సాయంత్రం లోపే వాళ్ళను అక్కడ చేర్చుకున్నారు.

మా యజమాని ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. అదేమీ పెద్ద నష్టం కాదు.

మస్తాన్‌వలీ మళ్ళీ నా గడప తొక్కలేదు. నస్రీన్ ఇప్పుడు ఇంటర్ చదువుతోందని, కిడ్నీ పనిచేస్తోందని ఆ చిన్నావిడ అప్పుడప్పుడు చెప్తుంది. ప్రత్తిపాడు వైపునుంచి వచ్చే పేషెంట్లు ఇంకో సంగతి కూడా చెప్పేవారు. గుంటూరులో ఆ డాక్టరమ్మ దగ్గరికి పోవద్దని, ఆమెవల్లే మా పిల్ల చావుదాకా పోయిందని మస్తాన్‌వలీ కనబడినవాళ్ళందరికీ చెప్తాడట. టీ కొట్టు దగ్గర చెప్తాడట, యార్డులో చెప్తాడట. అతను చెప్పేది నిజమే. ఆ నిజం చెప్తూ కూడా ఒక్క పూట మాత్ర తప్పనివ్వలేదట.